టీకాలాయన చిన్నకత్తి

నిన్న మధ్యాహ్నం లాకు దగ్గర పడవ దిగిన సరంగు నేరుగా మా బడి అరుగు మీదికి వచ్చాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "టీకాలాయన పోయారండి పంతులుగారూ" అన్నాడు.

నేనప్పుడు జామకాయ కోస్తున్నాను. చేతిలో ఉన్నది ఆయన ఎంచి కొనిపించిన కత్తే. ఆ ముక్క కోయనూ లేదు, నోట పెట్టుకోనూ లేదు.

"ఎప్పుడయ్యా?"

"పది రోజులైందంటండి. ధవళేశ్వరంలోనే, వాళ్లింట్లో. పెద్దగా బాధపడలేదంట. పొద్దున్న గంజి తాగి, కాస్త నడుం వాల్చి, మరి లేవలేదంట. ఇది మీకు చేర్చమని ఇంటావిడ ఇచ్చారండి."

నేను చెయ్యి చాపాను. సరంగు నా చేతిలో పెట్టలేదు. నా పక్కన అరుగు మీద ఒక చిన్న గుడ్డ మూట ఉంచి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. కింద పెట్టాడంటేనే లోపల ఏముందో తెలిసిపోయింది. మా వైపు కత్తిని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఇవ్వరు. ఇస్తే ఇద్దరికీ తగవొస్తుందంటారు. ఇచ్చేవాడు కింద పెట్టాలి, పుచ్చుకునేవాడు తీసుకోవాలి. నేను వెంటనే తీసుకోలేదు.

ఆయన పేరు నాకు తెలియదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మిషను బడి పంతుల్ని. చేరిన ప్రతి పిల్లవాడి పేరూ, ఇంటిపేరూ, తండ్రి పేరూ అడిగి హాజరుపట్టీకి ఎక్కించడమే నా బతుకు. అలాంటి నేను ఇరవై ఏళ్లు ఎరిగిన మనిషి పేరు అడగడం మరిచిపోయాను. ఊరంతా టీకాలాయన అనేది, నేనూ అన్నాను. మేమూ పద్యాలకు టీకా చెప్పేవాళ్లమే గనక మా ఇద్దరిదీ ఒకటే వృత్తి అని ఆయనతో పరాచికాలాడేవాణ్ణి. తేడా ఏమిటంటే, నేను చెప్పిన టీకా పిల్లలకు మర్నాటికి గుర్తుండేది కాదు. ఆయన జబ్బ మీద వేసిన టీకా చచ్చేదాకా చెరగదు.

మనిషి చాలా పొడుగు, దానికి తగ్గ లావు. గుమ్మంలో నిలబడితే ముందు ఇంట్లో వెలుతురు పోయేది, తరువాత ఆయన కనిపించేవారు. మొహమంతా మశూచి మచ్చలు, పెద్ద చినుకుల వాన పడి వెలిసిన ఇసుకలాగా. ఎడమకన్ను ఆ మశూచితోనే పోయింది. ఇక గొంతు! కాలవ ఈ గట్టున మాట్లాడితే ఆ గట్టున దున్నుకునే ఎడ్లు ఆగేవి.

ఇన్ని పెద్దవి ఒంటి మీద మోస్తున్న మనిషి తక్కినవన్నీ చిన్నవి ఎంచుకునేవారు. అడుగు చిన్నది. మాట గుసగుస కంటే ఒక్క మెట్టు పైన. గొడుగును చేతికర్రలా ఊపుతూ నడవగా నేనెన్నడూ చూడలేదు. ఊరి పొలిమేరలోనే మడిచి చంకన పెట్టేసేవారు. ఊళ్లోకి వచ్చీరాగానే ఎక్కడ వీలైతే అక్కడ కూర్చునేవారు.

"నిలబడి మాట్లాడరేమండీ?" అని ఒకసారి అడిగాను.

"కూర్చుంటే మనిషినండి పంతులుగారూ. నిలబడితే బూచినండి" అన్నారు.

ఆయన మామూలుగా కూర్చునేది రేవులో బోర్లించి ఉంచిన పాత దోనె మీద. కూర్చున్నాక రేకుపెట్టె ముట్టుకునేవారు కాదు. టీకా వేసే ఉక్కుముక్క అందులో ఉంటుందని ఊరందరికీ తెలుసు. దాన్ని దోనె వెనక్కి నెట్టేసి, మూటలోంచి ఉడకబెట్టిన తేగలు తీసేవారు. తరువాత మొలలోంచి కత్తి. అది ఎప్పుడు తీశారో, ఎప్పుడు తెరిచారో తెలిసేది కాదు. అంతలావు చేతిలో అంత చిన్న కత్తి దాక్కుని పనిచేసుకుపోయేది. తేగ మొన కొట్టి, పై తొక్క దువ్వినట్టు తీసి, నిలువునా చీల్చి, మధ్యలో ఉండే తెల్లటి చందమామను కత్తి కొనతో లేపి తన మోకాలి మీద పెట్టుకునేవారు. ఎవరికీ ఇవ్వజూపేవారు కాదు, ఎవరినీ పిలిచేవారు కాదు. కాసేపటికి గోడల వెనకనుంచి ఒక పిల్ల, దాని వెనక ఇంకో పిల్ల. మోకాలి మీది చందమామ మాయమయ్యేది. ఆయన ఇంకో తేగ తీసేవారు.

ఆ కత్తితో ఆయన ఎన్నడూ టీకా వేయలేదు. అయినా ఆయన టీకాలలో సగం పని ఆ కత్తే చేసిందని నా నమ్మకం.

మొదటి ఏడు ఆయన వచ్చినప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. లాకుల వైపు ఊళ్లలో మశూచి పొడచూపిందని వినగానే, రేవు మెట్ల మీద నిలబడి ఊరివాళ్లకు గంటసేపు బోధ చేశాను. టీకా వేయించుకుంటే మశూచి రాదన్నాను, భయపడేవాడు మూర్ఖుడన్నాను, దొరలూ వేయించుకుంటారన్నాను. నా బోధకు కరిగి తల్లులు చంటిపిల్లలతో బారులు తీరారు. నా రెండేళ్ల కూతురు మాత్రం ఆ బారులో లేదు. మా అమ్మ దాన్ని చంకన వేసుకుని, బెల్లంముక్క చేతికిచ్చి, ఖాళీ వడ్లగాదెలో దిగి కూర్చుంది.

నాకు ముందు అమ్మకు ఇద్దరు పుట్టారు. ఆ ఇద్దరినీ ఒక్క వారంలో మశూచి తీసుకుపోయింది. అమ్మ దృష్టిలో అది జబ్బు కాదు, అమ్మవారు. ఆవిడ బాప్తిస్మం పుచ్చుకుని అప్పటికి పదేళ్లు. ఆదివారం గుడికి గంట కొట్టకముందే వెళ్లి ముందు చాప మీద కూర్చునేది. అయినా పెరట్లో వేపచెట్టుకు మాత్రం ఆ సంగతి ఇంకా చెప్పినట్టు లేదు. చేతిని గాటుపెట్టి ఆ రోగాన్నే ఒంట్లోకి పంపడమంటే, వాకిట్లోంచి పోయేదాన్ని చెయ్యిపట్టి లోపలికి పిలవడమే అనేది. నేను పంతుల్నే గాని పంతం ఉన్నవాణ్ణి కాను. "సరేలే" అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఉక్కుముక్కంటే నాకూ భయమే.

టీకాలాయన మా వాకిట్లోకి వచ్చి, అరుగు మీద కూర్చుని, పుస్తకం తెరిచి, "మీకొక అమ్మాయి ఉండాలే?" అన్నారు. వెనక వీధి వీధంతా ఉంది.

"చుట్టాలింటికి వెళ్లిందండి" అన్నాను.

అదే క్షణంలో గాదెలోంచి గొంతు వినిపించింది: "మామ్మా, బూచోడు ఎల్లిపోయాడా?"

ఎవరూ నవ్వలేదు. టీకాలాయన గాదె వైపు చూడనైనా చూడకుండా పుస్తకం మూసి, "మీ గాదెలో ఎలుక చాలా ముద్దుగా మాట్లాడుతుందండీ" అని, "వచ్చే ఏడు చూద్దాం లెండి" అని లేచారు.

ఆయన లేచేసరికి బారులో సగంమంది లేరు. "పంతులుగారి పిల్లకి లేని టీకా మన పిల్లలకెందుకే, నడు" అంటూ ఒక తల్లి చంటివాణ్ణి కొంగులో చుట్టుకుని నా ముందునుంచే వెళ్లిపోయింది. ఆ మాట నాకు గుచ్చుకున్నట్టు ఆయన ఉక్కుముక్క ఎవరికీ గుచ్చుకుని ఉండదు.

తరువాత వర్షాలు వెనకబట్టాక పలకల కోసం రాజమండ్రి పడవెక్కాను. చూద్దును గదా, పడవలో ఆయన. నేను గొడుగు తెరిచి దాని వెనక్కి పోయాను. ఎండ లేదు, వాన లేదు. ఆయన వచ్చి గొడుగు పక్కన కూర్చుని, "కాస్త జరగండి, నాకూ వాన పడుతోంది" అన్నారు. అంతే. విజ్జేశ్వరం లాకు వచ్చేదాకా పైరుల సంగతీ, కాలవ నీటి సంగతీ మాట్లాడారు. గాదె ఊసెత్తలేదు.

భోజనాల వేళ నేను నారింజకాయ పళ్లతో ఒలుస్తుంటే చూసి, "కత్తి ఉంచుకోరా పంతులుగారూ?" అన్నారు.

"లేదండి."

"మరి బడిలో పిల్లలకు కలాలు దేంతో చెక్కుతారండి?"

"మా ఆవిడ కత్తిపీటతోనండి."

ఆయన నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించారు. పడవ ఊగింది. నిజానికి నవ్వవలసిందే. బుడమకాయ తరిగినట్టు రెల్లుపుల్ల తరిగితే వచ్చే కలం ఎలా ఉంటుంది? నా బడిలో పిల్లలు రాసే అక్షరాలు పందిరి గుంజల్లా ఉండేవి. తనిఖీకి వచ్చిన దొరగారు వాటిని బొమ్మలనుకుని మెచ్చుకున్నారు.

"రేపు బజారుకెళదాం పదండి. ఒక కత్తి కొందాం మీకు" అన్నారు.

పెద్ద బజారులో ఇనుపసామాను కొట్టు. దుకాణదారు ముందు చెక్కపలక మీద కత్తులు పరిచాడు. నా కన్ను నేరుగా అన్నిటికంటే పెద్దదాని మీద పడింది. దుప్పికొమ్ము పిడి, దానిలోకి మడిచే నాలుగు ఆకులు, ఇంగ్లీషు అక్షరాలు. తెరిస్తే టక్కుమంది. దాన్ని పట్టుకుంటే నేను కూడా కొంచెం పొడుగైనట్టనిపించింది.

"మంచి సరుకండి బాబుగారూ. దొరలు వేటకు పట్టుకెళ్లేది" అన్నాడు దుకాణదారు.

"పంతులుగారు వేటాడేది రెల్లుపుల్లల్నండి" అన్నారు టీకాలాయన. "పంతులుగారూ, అది మొలలో పెట్టుకుని బాసింపట్టు వేసుకోండి."

పెట్టుకుని కూర్చున్నాను. కూర్చోబోయాను అనడం సరి. పిడి డొక్కలో పొడిచింది.

"ఇప్పుడు అంతమందిలో దాన్ని తెరవండి."

తెరిచాను. టక్. పక్క కొట్లో బెల్లంకుండలు బేరమాడుతున్న ముసలాయన ఉలిక్కిపడి ఇటు చూశాడు.

"చూశారా? తెరిచినప్పుడు చప్పుడు చేసే కత్తి తనను చూడమంటుందండి. మనకు కావలసింది పనిని చూసే కత్తి."

అక్కడినుంచి ఒక గంటసేపు ఆయన కత్తి వెనక కత్తి చూశారు. బొటనవేలి గోటికి లొంగి రావాలి, కాని తనంతట తాను రాకూడదు. ఆకు చిటికెనవేలంత. మూస్తే గుప్పిట్లో కనిపించకూడదు. "చిన్నదంటే మొద్దుది కాదండోయ్. మొద్దుకత్తే చెయ్యి కోసేది. తెగదు గనక బలం పెడతాం, జారుతుంది." అంటూ ప్రతి కత్తితోనూ తన ముంజేతి వెంట్రుకలు నాలుగేసి గీసి చూశారు. కొట్టు వదిలేసరికి ఆయన ఎడమచెయ్యి కోసిన పొలంలా ఉంది.

చివరికి రెండు మిగిలాయి. ఆ రెంటిలో ఏదో తేల్చడానికి ఆయన చేసిన పని నేను మరవలేను. దుకాణదారు మనవరాలు, మూడేళ్లది, బల్లకింద మేకులతో ఆడుకుంటోంది. టీకాలాయన నేల మీద చతికిలబడి, దాని ఎదుట మొదటి కత్తి తెరిచి నిమ్మపండు కోశారు. పిల్ల ఒక్క జానెడు వెనక్కి జరిగింది. ఆ కత్తి మూసేశారు. రెండోది తెరిచారు. నల్లటి గేదెకొమ్ము పిడి, ఏ సోకూ లేనిది. పిల్ల మెడ ముందుకు చాచి చూసింది.

"ఇదేనండి" అన్నారు లేస్తూ.

"అయ్యో బాబుగారూ, అది కత్తి కాదండి, కత్తిపిల్ల. ఇంకా పాలు మానలేదు" అన్నాడు దుకాణదారు, పెద్దది అమ్ముడుపోలేదన్న దిగులుతో.

"పిల్లల మధ్య తిరిగేదానికి ఆ వయసే మేలు" అన్నారు ఆయన. నావైపు తిరిగి, గొంతు ఇంకా తగ్గించి, "నా మొహమే పెద్ద కత్తండి పంతులుగారూ. దేవుడు మూయడానికి వీల్లేకుండా తెరిచి పంపాడు. చేతిలోదైనా చిన్నది కాకపోతే ఎలాగండి?" అన్నారు.

నేను కత్తి కోసం చెయ్యి చాపాను. నిమ్మరసం తుడవడానికి తీసుకున్న దుకాణదారు అలవాటు కొద్దీ దాన్ని పలక మీద పెట్టాడు. నేను తీసుకున్నాను. టీకాలాయన అది చూస్తూ, "మనవాళ్ల ఈ పద్ధతి నాకు భలే ఇష్టమండి" అన్నారు. "తగవొస్తుందో రాదో నాకు తెలియదు. కాని కింద పెట్టామంటే అవతలి మనిషి ఇష్టానికి వదిలేశామన్న మాట. తీసుకుంటే తీసుకుంటారు. నాతో ఇద్దరు బంట్రోతుల్ని పంపుతామంటారు పైవాళ్లు, పిల్లల్ని పట్టుకోడానికి. వద్దంటానండి. పట్టుకుని వేస్తే ఆ ఏటికి వేయగలను. మరుసటేడు ఆ ఊరికి ఎలా వెళ్లను?"

గాదె ప్రస్తావన వస్తే ఇక్కడే రావాలి. రాలేదు. తిరుగు పడవలో నేనే అన్నాను: "ఈ ఏడు మా అమ్మాయిని దాచనండి." ఆయన తల ఊపి, నా కత్తి తీసుకుని నారింజ ఒలిచి, సగం నాకు పెట్టారు.

కత్తి వచ్చాక, ముందు చొక్కాకు జేబు కుట్టించుకున్నాను. దీన్ని జేబుకత్తి అంటారని అప్పుడు నాకు తెలియదు. నా విషయంలో కత్తి పుట్టాకే జేబు పుట్టింది. పిల్లల అక్షరాలు సన్నబడ్డాయి. నా ధైర్యం మాత్రం అంతే ఉంది. అమ్మకు నచ్చజెప్పడానికి రోజూ వెళ్లి, రోజూ వేరే మాట మాట్లాడి వచ్చేవాణ్ణి. మా ఆవిడ, "నాకూ వేయించాలనే ఉందండి. కాని ఇద్దర్ని పోగొట్టుకున్న మనిషి ఎదుట నిలబడి నేనెలా అనను? అత్తయ్యగారు ఊఁ అంటే సరే" అంది.

ఈలోగా చలిరోజులు వచ్చాయి. నరసాపురం వైపునుంచి వచ్చే పడవవాళ్లు మళ్లీ మశూచి కబురే తెచ్చారు. ఒకనాడు, కిందటేడు బారులోంచి వెళ్లిపోయిన ఆ తల్లి పుట్టింటినుంచి తిరిగి వచ్చి పడవ దిగింది. కొంగు ఖాళీగా ఉంది. నన్ను చూసి మెట్ల అవతలి పక్కగా ఎక్కి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండును.

నాలుగు రోజులకు టీకాలాయన వచ్చారు. ఈసారి దోనె మీద కూర్చోలేదు. ఊరు చూస్తుండగా నేరుగా మా వాకిట్లోకి వచ్చి, మట్టి నేల మీదే కూర్చున్నారు. నేను ఆ తల్లి సంగతి చెప్పాను. ఆయన ఓదార్చలేదు. "మీ బోధ విని వేయించుకున్నవాళ్లూ ఉన్నారండి, మీ గాదె చూసి వెళ్లినవాళ్లూ ఉన్నారు. రెండూ మీవే. మోయాలి మరి" అన్నారు.

అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో మూడేళ్ల మనవరాలు.

"ఎందుకొచ్చావో నాకు తెలుసు. లేచెళ్లు" అంది.

"ఎళ్తానమ్మా. కాళ్లు నొప్పి. కాసేపు కూర్చుని ఎళ్తాను."

మొలలోంచి కత్తి తీసి, మూసే ఉంచి, తనకూ గుమ్మానికీ మధ్య నేల మీద పెట్టారు. దాని పక్కన ఒక తేగ. తరువాత ఏమీ చేయలేదు. ఎంతసేపో! ఒక కోడి వచ్చి కత్తిని పొడిచి చూసి, తినేది కాదని పోయింది. గోడల మీదుగా సగం ఊరు చూస్తోంది.

"ఇద్దర్నయ్యా" అంది అమ్మ ఉన్నట్టుండి. "పెద్దోడికి ఆరేళ్లు. వారం తిరక్కుండా ఇద్దర్నీ..."

"మా ఇంట్లో నలుగురం పడుకున్నామమ్మా" అన్నారు ఆయన. "నేనొక్కణ్ణే లేచాను."

అమ్మ అప్పుడు మొదటిసారి ఆయన మొహం కేసి సరిగ్గా చూసింది. "అందుకేనా ఈ ఉద్యోగం?"

"ఈ మొహానికి ఇంకేం ఇస్తారమ్మా?"

అమ్మ పెదవి కొంచెం కదిలింది. ఆ సడలిన క్షణంలో పిల్ల ఒళ్లోంచి జారి, బుడిబుడి నడుచుకుంటూ వెళ్లి, కత్తినీ తేగనూ రెండు చేతులా పట్టుకుని మామ్మ దగ్గరికి తెచ్చి ఒళ్లో పడేసింది. "చందమామ తియ్యి" అంది.

అమ్మ కత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేం కత్తయ్యా, బొట్టుపుల్లలాగా" అంటూ గోటితో తెరిచింది. తేగ మొన కోసింది. "పదునుందే!" అంది, తనలో తాను. చీల్చింది. చందమామ తీసి పిల్ల నోట్లో పెట్టింది. కత్తి మూసి నేల మీద పెట్టబోయింది.

పెట్టనిస్తేనా? పిల్ల మూసిన కత్తి లాక్కుని, గబగబా నడిచి, టీకాలాయన అంతలావు అరచేతిలో పెట్టేసింది. చేతిలోంచి చేతిలోకి.

"చేతికియ్యకే! తగవొస్తుందే!" అమ్మ కేకేసింది.

టీకాలాయన కత్తిని గుప్పిట్లో మూసుకుని, "ఎలాగూ తప్పదమ్మా" అన్నారు. "మీరు ఊఁ అంటే, ఇంకో నిమిషంలో మా ఇద్దరికీ పెద్ద తగవే ఉంది."

అమ్మ నవ్వింది. ఇద్దరు పోయినప్పటి సంగతి మాట్లాడిన నోటితోనే నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, కొంగు వెనక్కి నెట్టి, ముడతలు పడ్డ తన జబ్బ బయటపెట్టింది.

"ముందు నాకు గీకు. నేను బతికుంటే దానికి."

ఆయన రేకుపెట్టె తెరిచారు. అమ్మ కళ్లార్పకుండా గీయించుకుంది. తరువాత పిల్లను తానే ఒళ్లో కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. పిల్ల ఏడ్చింది, టీకాలాయన మీసం పట్టుకుని పీకింది, తగవు బాగానే జరిగింది. మా ఆవిడ వేయించుకుంది. అప్పుడాయన నావైపు తిరిగి, "పంతులుగారూ, మీ చొక్కా?" అన్నారు. నాకు టీకా లేదని ఆయనకెలా తెలిసిందో! ఆ తరువాత జరిగినది నాకు సరిగా గుర్తు లేదు. నన్ను అరుగు మీద పడుకోబెట్టి మొహాన నీళ్లు చల్లారని ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నా గంట బోధ కంటే ఆ మూర్ఛ ఎక్కువ పనిచేసింది. పంతులే వేయించుకుని బతికాడు గనక మనకేం ఫరవాలేదని సాయంత్రానికి బారు మా వాకిట్లోంచి రేవుదాకా పెరిగింది. ఎనిమిదో నాడు ఆయన మళ్లీ వచ్చి, మా పిల్ల చేతి మీది పొక్కునుంచి రసం తీసి పైవీధి పిల్లలకు వేస్తానంటే, అమ్మే దాన్ని ఎత్తుకుని ఇల్లిల్లూ తిప్పింది. "మా మనవరాలి టీకా" అని చెప్పుకుంటూ. ఆ ఎండాకాలం మశూచి కాలవ వెంట మా పక్క ఊరిదాకా వచ్చింది. మా వీధిలో ఒక్క పిల్లా పోలేదు.

అది మొదలు ప్రతి ఏడూ వచ్చేవారు. మా అమ్మాయి మీసం పీకినందుకు ప్రతి ఏడూ దానితో తగవు పెట్టుకునేవారు. అమ్మ పోయిన ఏడు వచ్చి, ఆవిడ కూర్చునే గుమ్మం ఎదుట నేల మీద ఒక తేగ పెట్టి వెళ్లారు.

సరంగు వెళ్లాక, మూట అరుగు మీద అలాగే ఉంచి కూర్చున్నాను. సాయంత్రం మా అమ్మాయి వచ్చింది. అది ఇప్పుడు మా ఊరి ఆడపిల్లల బడిలో పంతులమ్మ. సంగతి విని గోడకానుకుని, జబ్బ మీది టీకా మచ్చలు తడుముకుంది. తరువాత నామీద పడింది.

"ఆయన పేరేంటి నాన్నా?"

నేను కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాను.

"ఇరవయ్యేళ్లు! ఇరవయ్యేళ్లలో ఒక్కసారి అడగలేకపోయావా? రేపు గుడిలో ప్రార్థనకి ఎవరి పేరు చెప్తావ్? టీకాలాయన అని చెప్తావా?"

"నువ్వడిగావా?"

"నేను చిన్నపిల్లని!"

"నేను మతిమరుపువాణ్ణి."

ఇలా మా తగవు చాలాసేపు నడిచింది. మాకిది కొత్త కాదు. దానికి మాటలు వచ్చిన నాటినుంచి నా నస్యం మీద, నా కళ్లద్దాల మీద, కూరలో నా ఉప్పు మీద రోజుకొక తగవు. పడలేక ఎన్నోసార్లు విసుక్కున్నాను. నిన్న మాత్రం దాని గొంతు పెరుగుతుంటే వింటూ కూర్చున్నాను, ఎక్కడా ఆపలేదు.

అలిసి అది ఊరుకున్నాక మూట విప్పాను. ఆయన కత్తే. నూరి నూరి ఆకు వేపాకంత సన్నబడింది. పిడికి రాగితీగ చుట్టి ఉంది. తెరిస్తే చప్పుడు లేదు.

"నా బడిలో కలాలు చెక్కడానికి ఇది నాకివ్వు నాన్నా. నీకోటుందిగా" అంది.

ఇచ్చాను. అది చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కింద పెట్టు నాన్నా. చేతికిస్తే తగవొస్తుంది."

"రానీ" అని దాని చేతిలోనే పెట్టాను.